ఊపిరితిత్తిలో వరదగుడి

పందొమ్మిదో శతాబ్దం చివర పారిస్ మార్కెట్లలో పావురం మాంసానికి మంచి గిరాకీ ఉండేది. అమ్మే ముందు పక్షులను బలిపించాలి. ఆ పనికి ప్రత్యేకంగా మనుషులుండేవారు. గింజలూ నీళ్లూ తమ నోట్లో నింపుకుని, పావురం ముక్కు విప్పి పెదవుల మధ్య పెట్టుకుని, ఆ మేతను దాని గొంతులోకి ఊదేవారు. పొద్దుట మొదలుపెడితే వందలు, వేల పక్షులు. ఏళ్ల తరబడి ఇదే పని చేసినవాళ్లకు దగ్గు పట్టుకునేది. తెమడలో నెత్తురు పడేది, మనిషి చిక్కిపోయేవాడు. చూసినవాళ్లంతా క్షయ అనేసేవారు. 1890లో డ్యూలఫోయ్, షాంతెమెస్, విడాల్ అనే ముగ్గురు ఫ్రెంచి వైద్యులు ఆ తెమడను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే క్షయ క్రిమి కనబడలేదు. ఆస్పర్‌జిల్లస్ కనబడింది. గింజల మీద, పిండి మీద, తడి గోడల మీద పెరిగే మామూలు బూజు. ఆ ముగ్గురిలో ఆఖరివాడు మనకు కొత్తవాడేమీ కాదు. టైఫాయిడ్ అనుమానం వస్తే చాలు, ఆర్‌ఎంపీ దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ రాసే వైడాల్ టెస్టు ఆయన పేరు మీదిదే.

ఛాతీ లోపల ఏం జరుగుతోందో చూసే దారి అప్పటికి లేదు. వేళ్లతో తట్టి, స్టెతస్కోపు పెట్టి విని, మిగిలింది ఊహించుకోవాలి. ఊపిరితిత్తుల్లో బూజు ఉండగలదని 1842లో ఎడిన్‌బరోలో జాన్ హ్యూస్ బెనెట్ రాశాడు. 1856లో జర్మనీలో రుడాల్ఫ్ విర్కో ఇంకొన్ని కేసులు వివరించాడు. ఆ రోజుల్లో రోగి లోపలి సంగతి ఖాయంగా తేలేది శవపరీక్ష బల్ల మీదే.

పావురాలవాళ్ల సంగతి బయటపడ్డ ఐదేళ్లకు, 1895 నవంబరు 8న, వూర్జ్‌బర్గ్‌లో విల్హెల్మ్ రాంట్‌గెన్ ఎక్స్‌రే కనిపెట్టాడు. ఇకనైనా ఊపిరితిత్తిలోని బూజు బొమ్మలో పడుతుందని ఎవరైనా ఆశపడి ఉంటే ఆ ఆశ తీరలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. బూజు పోగు వెడల్పు మిల్లీమీటరులో కొన్ని వేలవ వంతులు. ఎక్స్‌రే గానీ, సీటీ గానీ, ఎంఆర్‌ఐ గానీ దాన్ని చూపించలేవు. అవి చూపేది దాని చుట్టూ శరీరంలో జరిగిన నష్టాన్ని: చచ్చిన కండ, ఊరిన నెత్తురు, ఖాళీ అయిన చోట నిండిన గాలి. ఆ నష్టం రోజురోజుకీ రూపు మారుస్తుంది. రేడియాలజిస్టులు నూరేళ్లుగా నేర్చుకుంటూ వచ్చిన విద్య కూడా ఇదే: మచ్చను చూసి అది ఎన్నో రోజు మచ్చో చెప్పడం.

మొదట దొరికింది సులువైన బొమ్మ. క్షయ తగ్గిపోయినా ఊపిరితిత్తిలో గుల్ల మిగిలిపోతుంది. ఆ గుల్లలో ఆస్పర్‌జిల్లస్ చేరి, పోగులు ఒకదానికొకటి అల్లుకుని ఉండగా మారుతుంది. ఎక్స్‌రేలో గుల్ల నల్లగా, లోపలి ఉండ తెల్లగా, ఉండకూ గోడకూ మధ్య సన్నటి గాలి వంక కనిపిస్తాయి. 1950ల మొదట్లో ఫ్రాన్స్‌లో ఒలివియే మోనో బృందం ఈ బొమ్మను వివరంగా రాసింది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి ఒక ఫిల్ము, బోర్లా పడుకోబెట్టి ఇంకో ఫిల్ము తీస్తే ఉండ కిందికి జారుతుంది. కణితి అయితే అలా జారదు. ఇంత చవకైన పరీక్ష వైద్యంలో అరుదు. ఇప్పటికీ దాన్ని మోనో గుర్తు అనే అంటారు. ఇక్కడ బూజు కండలోకి చొరబడదు, ఖాళీ గుల్లలో కాపురం పెడుతుందంతే. అయినా గుల్ల గోడలోని రక్తనాళం చిట్లితే ప్రాణం మీదికి వస్తుంది.

ఎంతమందికి ఇలా అవుతుందో బ్రిటన్‌లో లెక్కగట్టారు. క్షయ నయమయ్యాక గుల్లలు మిగిలిన 544 మందిని పరీక్షిస్తే 11 శాతం మందిలో ఎక్స్‌రేలో ఉండ కనబడింది. మూడు నాలుగేళ్ల తర్వాత మళ్లీ చూస్తే అది 17 శాతానికి చేరింది. 1970లో అచ్చయిన ఈ లెక్క బ్రిటన్‌కన్నా మన దేశానికే ఎక్కువ పనికొస్తుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లోనే క్షయ శానటోరియం వెలిసింది. డెన్మార్కు నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ల కుటుంబం దాన్ని నడిపింది. 1950ల్లో ఆ చుట్టుపక్కల ఊళ్లలో జనానికి వరసగా ఛాతీ ఎక్స్‌రేలు తీసిన పెద్ద సర్వే కూడా అక్కడిదే. క్షయ అంతగా ఉన్న నేల మీద తెమడలో క్రిమి లేకపోయినా, దగ్గులో నెత్తురు పడితే మళ్లీ టీబీ మందులే మొదలుపెట్టడం మన దగ్గర పాత అలవాటు. ఎక్స్‌రేలో ఆ గుల్ల లోపల ఉండ ఏమైనా ఉందేమోనని ఒక్కసారి వెతికితే తప్పే పొరపాటు అది.

అసలు ప్రమాదకరమైన బూజు వేరే దారిన వచ్చింది. ఆ దారి వేయడంలో తెలుగువాడి చెయ్యి ఉంది.

రాంట్‌గెన్ ఎక్స్‌రే కనిపెట్టిన ఏడాదే, 1895 జనవరిలో, భీమవరంలో పుట్టినవాడు యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు ఆయన పెద్దగా ఉన్నప్పుడు అక్కడ తయారైన మందు అమినాప్టెరిన్. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చాడు. 1948లో ఆయన ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొన్నాళ్లపాటు వెనక్కి తగ్గింది. కీమోథెరపీకి అది తొలి అడుగుల్లో ఒకటి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు పోయాడు. అదే లెడర్లీ నుంచి ఆ ఏడే ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ కూడా బయటికి వచ్చింది. కీమో మందులు క్యాన్సరు కణాలతో పాటు తెల్లరక్తకణాలనూ తుడిచిపెడతాయి. యాంటీబయోటిక్‌లు బూజుకు పోటీగా ఉండే బ్యాక్టీరియాను తుడిచిపెడతాయి. గాలిలో ఎప్పుడూ తేలుతుండే బూజు రేణువులకు ఈ రెండూ కలిసి తలుపులు బార్లా తీశాయి. 1953లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ర్యాంకిన్ ఒక రోగి కథ రాశాడు. తెల్లకణాలు పడిపోయి, యాంటీబయోటిక్‌లు వాడుతుండగా ఆస్పర్‌జిల్లస్ ఆ రోగి ఒళ్లంతా పాకింది. బూజు ఇలా నిస్సహాయ శరీరం మీద విరుచుకుపడటాన్ని వర్ణించిన తొలి వ్యాసంగా దాన్ని చెబుతారు. చిత్రమేమిటంటే ఆ 1953లోనే హెసెల్‌టైన్ అనే శాస్త్రవేత్త ఒక కొత్త ఫంగస్‌కు సుబ్బారావు పేరే పెట్టాడు: సుబ్బరోమైసెస్ స్ప్లెండెన్స్. అది నిరపాయమైనదే లెండి.

సుబ్బారావును తప్పుపట్టేదేమీ ఇందులో లేదు. ఆ మందు లేకపోతే ఆ పిల్లలు వారాల్లో పోయేవాళ్లే. కాకపోతే 1960లు, 70లు వచ్చేసరికి లుకేమియా వార్డుల్లో ఒక కొత్త రకం చావు మామూలైపోయింది. కీమో పడింది, తెల్లకణాలు అడుగంటాయి, జ్వరం వచ్చింది, యాంటీబయోటిక్‌లకు తగ్గలేదు. ఛాతీ ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదు. మర్నాడు తీసినా ఏమీ లేదు. వారానికి ఓ మూల మసక. అప్పటికి ఆలస్యమైపోయేది. 1970లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నుంచి రాబర్ట్ యంగ్ బృందం 98 మంది ఆస్పర్‌జిల్లస్ రోగుల చరిత్రలను ఒకచోట చేర్చి ప్రచురించింది. బతికుండగానే జబ్బు పేరు తెలిసినవాళ్లు అందులో కొద్దిమందే. మందు లేకనా అంటే, ఉంది. వెనెజువెలాలో ఒరినోకో నది ఒడ్డు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీసిన ఆంఫోటెరిసిన్-బి 1950ల చివరికే ఆస్పత్రులకు చేరింది. ఎక్కిస్తుంటే చలిజ్వరం తెప్పించి, మూత్రపిండాలను దెబ్బతీసే మందు అది. జబ్బు ఉందో లేదో తెలియకుండా దాన్ని ఎవరికి ఎక్కిస్తారు? లేదని ఊరుకుంటే?

ఎక్స్‌రే కూడా ఒక గుర్తు ఇచ్చింది గానీ, అది రావాల్సిన వేళకు రాలేదు. 1979లో కర్టిస్, ఆమె సహచరులు రేడియాలజీ పత్రికలో గాలి నెలవంక గురించి రాశారు. మచ్చ మధ్యలో చచ్చిన కండ ముడుచుకుని చుట్టూ గోడ నుంచి విడిపోతే, ఆ సందులో గాలి చేరి వంకలా కనిపిస్తుంది. చూడటానికి మోనో వర్ణించిన వంకలాగే ఉన్నా రెండూ వేరు. అక్కడ పాత గుల్లలోకి బూజు వచ్చింది, ఇక్కడ బూజే గుల్లను తవ్వింది. పైగా ఈ రెండో వంక పుట్టాలంటే తెల్లకణాలు తిరిగి రావాలి, చచ్చిన కండను అవి కొరికి విడదీయాలి. అంటే జబ్బు మొదలైన రెండు మూడు వారాలకు, రోగి గట్టెక్కుతున్నప్పుడు మాత్రమే అది కనబడుతుంది. ఆ ఘడియలోనే ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. మచ్చ గనక పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంటే, కండ విడిపోయేటప్పుడు నాళం తెగి, కోలుకుంటున్న మనిషి నోటెంట నెత్తురు ధారకట్టి పోవచ్చు.

ఎక్స్‌రే ఫిల్ములో ఛాతీ మందం అంతా ఒకే నీడగా పడుతుంది. ముందు పక్కటెముక, గుండె, వెనక పక్కటెముక అన్నీ ఒకదానిమీద ఒకటి. అందులో సెంటీమీటరు మచ్చ గుండె వెనక దాక్కుంటే ఎవరికీ చిక్కదు. ఆ నీడలను పొరలు పొరలుగా విడదీసినవాడు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. పనిచేసింది ఇంగ్లండులో గ్రామఫోను రికార్డులకు పేరుపడ్డ ఈఎంఐ కంపెనీలో. ఆయన మొదటి ప్రయోగ యంత్రానికి ఒక్క బొమ్మ తీయడానికి తొమ్మిది రోజులు పట్టింది. కబేళా నుంచి తెచ్చిన ఎద్దు మెదడును కూడా ఆయన తన యంత్రం ముందు పెట్టి చూశాడు. 1971 అక్టోబరు 1న లండన్ శివారు వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో, మెదడులో కణితి ఉందని అనుమానమున్న ఒక మహిళకు తొలి సీటీ స్కాన్ తీశారు. అడ్డంగా 80, నిలువుగా 80 గళ్ల బొమ్మ. ఇవాళ ఫోనులో వచ్చే అతి చిన్న ఫొటో కూడా దానికన్నా తేటగా ఉంటుంది. అయినా కణితి ఎక్కడుందో స్పష్టంగా తెలిసింది. 1979లో ఆయనకూ, ఆ లెక్కల సూత్రాలను విడిగా కనిపెట్టిన అలన్ కార్మాక్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు.

తల కదలదు కాబట్టి తలతో మొదలైంది. ఊపిరితిత్తి కదులుతూనే ఉంటుంది. ఒళ్లంతా తీయగల స్కానరు 1974లో వచ్చినా, రోగి ఊపిరి బిగబట్టిన కాసేపట్లో ఛాతీ మొత్తం తీసేయడం 1989లో జర్మనీలో విల్లీ కాలెండర్ స్పైరల్ సీటీని ప్రదర్శించాకే తేలికైంది. అంతకు నాలుగేళ్ల ముందే, పాత మెల్లని యంత్రాలతోనే, బూజు గుట్టు దొరికింది.

1985లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో కుల్మన్, ఫిష్‌మన్, సీగల్‌మన్ అనే ముగ్గురు లుకేమియా రోగుల ఛాతీ సీటీలు ముందేసుకుని చూస్తుంటే ఒక బొమ్మ మళ్లీ మళ్లీ ఎదురైంది. నల్లటి ఊపిరితిత్తి మధ్య గుండ్రటి తెల్ల మచ్చ. దాని అంచు ఉన్నట్టుండి తెగిపోదు. చుట్టూ బూడిదరంగు మసక వలయం ఉంటుంది, ఆ మసకలోంచి సన్నటి రక్తనాళాల గీతలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. వాన రాబోయే ముందు చంద్రుడి చుట్టూ కట్టే వరదగుడి ఎలా ఉంటుందో తెలిసిన తెలుగువాళ్లకు దీన్ని ఇంకో విధంగా వివరించక్కర్లేదు. ఇంగ్లీషులో వైద్యులు దీన్ని హేలో గుర్తు అన్నారు. రెండేళ్లకు అదే ఆస్పత్రిలో హ్రూబన్ బృందం చనిపోయిన రోగుల ఊపిరితిత్తులను సీటీ బొమ్మల పక్కన పెట్టి పోల్చింది. ఆస్పర్‌జిల్లస్ గాలిగొట్టాల నుంచి రక్తనాళాల గోడలోకి చొరబడి వాటిని మూసేస్తుంది. నెత్తురు అందక అవతలి కండ చస్తుంది. నడిమి తెల్ల మచ్చ ఆ చచ్చిన కండ, చుట్టూ మసక దాని అంచుల నుంచి ఊరిన నెత్తురు. నెలవంక రావడానికి తెల్లకణాలు కావాలి, ఈ వలయానికి అక్కర్లేదు. అవి అడుగంటి ఉన్న రోజుల్లోనే, అంటే మందు మొదలుపెడితే పనిచేసే రోజుల్లోనే, ఇది కనిపిస్తుంది.

దాన్ని ఆచరణలోకి దించింది ఫ్రాన్స్‌లోని దిజాన్ నగరంలో డెనీ కయ్యో. తెల్లకణాలు పడిపోయి జ్వరం తగ్గని ప్రతి రోగికీ ఎక్స్‌రే కోసం ఆగకుండా సీటీ తీయాలని ఆయన వార్డులో 1991 నుంచి పద్ధతి పెట్టుకున్నారు. 1997లో చూపిన ఫలితం: జబ్బు ఆనవాలు కనిపించాక పేరు తేలడానికి అంతకుముందు సగటున ఏడు రోజులు పట్టేది, ఇప్పుడు 1.9 రోజులు. మచ్చ ఊపిరితిత్తి ధమనికి ఆనుకుని ఉంటే నెలవంక కోసం చూడకుండా ముందే సర్జరీ చేసి ఆ భాగాన్ని తీసేసేవారు. జర్మనీలో హాయ్‌సెల్ బృందం ఇంకో సంగతి తేల్చింది. ఎక్స్‌రే మామూలుగా ఉంది, జ్వరం మాత్రం తగ్గట్లేదు అన్న రోగులకు పల్చటి పొరల సీటీ తీస్తే సుమారు 60 శాతం స్కాన్లలో న్యుమోనియా కనబడింది. ఆ దెబ్బతో లుకేమియా వార్డుల్లో "ఎక్స్‌రే క్లియర్" అన్న మాటకు విలువ పోయింది.

కయ్యో బృందం 2001లో అచ్చువేసిన వ్యాసం ఇంకా ముఖ్యమైనది. అంతగా ప్రచారం రాలేదు గానీ, రోజూ రోగులను చూసే వైద్యుడికి అంతకన్నా పనికొచ్చే కాగితం ఈ రంగంలో ఇంకోటి లేదనిపిస్తుంది. జబ్బు రూఢి అయిన 25 మందికి వరసగా సీటీలు తీశారు. మొదటి రోజు దాదాపు అందరిలోనూ వలయం ఉంది. వారానికి అది నాలుగో వంతుకన్నా తక్కువ మందిలో మిగిలింది. నెలవంక మొదటి రోజు ఎవరికీ లేదు, రెండు వారాలకు 63 శాతం మందిలో వచ్చింది. అసలు విశేషం మచ్చల కొలతలో ఉంది. సరైన మందు పడుతున్నా, రోగులు కోలుకుంటున్నా, మొదటి వారంలో మచ్చల పరిమాణం సుమారు నాలుగు రెట్లయింది. ఆ తర్వాత అక్కడే ఆగి, ఆపైన మెల్లగా తగ్గింది. ఇది తెలియని డాక్టరు అయిదో రోజున రెండో స్కాన్ తీయించి, మచ్చ పెరిగిందని బెంబేలుపడి, పనిచేస్తున్న మందు ఆపి ఇంకోటి మొదలుపెడతాడు. రోగి బంధువులు రెండు ఫిల్ములూ పక్కపక్కన పట్టుకుని "ఇంత డబ్బు పోసినా పెరిగిందే" అని వాపోతారు. రోగి పరిస్థితి దిగజారితే తప్ప కనీసం రెండు వారాల వైద్యం జరిగేదాకా మళ్లీ సీటీ వద్దని 2016 నాటి అమెరికా మార్గదర్శకాలు చెప్పడం వెనక ఉన్న లెక్క ఇదే.

వలయాన్ని చూసి వెంటనే మందిస్తే లాభం ఎంత? 2002లో వొరికొనజోల్ అనే కొత్త మందును ఆంఫోటెరిసిన్‌తో పోల్చిన పెద్ద పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. పన్నెండు వారాలకు కొత్త మందు తీసుకున్నవాళ్లలో 70.8 శాతం, పాతది తీసుకున్నవాళ్లలో 57.9 శాతం బతికున్నారు. ఆ రోగుల్లో 235 మంది తొలి సీటీలను బోస్టన్‌లో రెజినాల్డ్ గ్రీన్ బృందం మళ్లీ తిరగేసి 2007లో ఫలితం చెప్పింది. 61 శాతం మందిలో వలయం, 10 శాతం మందిలోనే నెలవంక. వలయం ఉన్న దశలో వైద్యం మొదలైనవాళ్లలో 84 రోజులకు 71 శాతం బతికున్నారు, మిగతావాళ్లలో 53 శాతం. రెండు మందుల మధ్య తేడా కన్నా, బొమ్మను వేళకు చూడటానికీ చూడకపోవడానికీ మధ్య తేడా తక్కువేం కాదు.

వలయం కనిపించిందంటే ఆస్పర్‌జిల్లసే అని మాత్రం లేదు. నెత్తురూరే కొన్ని కణితులు, కొన్ని బ్యాక్టీరియా జబ్బులు, రక్తనాళాల వాపు కూడా అదే వేషం వేస్తాయి. లుకేమియా రోగిలో దాని విలువ వేరు, దారిన పోయే దగ్గురోగిలో వేరు. కాలేయానికి పాకిన కాండిడా అనే ఇంకో ఫంగస్‌దయితే పూర్తిగా తిరగేసిన కథ. తెల్లకణాలు లేనన్నాళ్లూ స్కాన్ శుభ్రంగా ఉంటుంది. అవి తిరిగొచ్చాక, అందరూ ఊపిరి పీల్చుకున్నాక, తగ్గని జ్వరంతో పాటు కాలేయంలో, ప్లీహంలో చిన్న చిన్న గుండ్రటి మచ్చలు బయటపడతాయి.

తలకిందులైన వలయం కూడా ఒకటుంది. చుట్టూ తెల్లటి గట్టి కట్ట, లోపల మసక. 2008లో హ్యూస్టన్ వైద్యులు ఫంగస్ సోకిన 189 మంది స్కాన్లు చూస్తే ఇలాంటి బొమ్మ ఎనిమిది మందిలో కనబడింది, అందులో ఏడుగురిది మ్యూకర్ జాతి. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, వొరికొనజోల్ ఆస్పర్‌జిల్లస్‌ను చంపుతుంది, మ్యూకర్‌ను ముట్టుకోదు. మ్యూకర్‌కు మళ్లీ ఆంఫోటెరిసినే కావాలి. తెమడ పరీక్ష వచ్చేదాకా ఆగే వ్యవధి లేనప్పుడు ఏ సీసా తెరవాలో బొమ్మను చూసే నిర్ణయించుకోవాలి.

ఆ మ్యూకర్ పేరు 2021 వేసవిలో తెలుగునాట ఇంటింటికీ పాకింది. దాన్నందరూ బ్లాక్ ఫంగస్ అన్నారు. కోవిడ్ రెండో అల, విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్లు, అదుపు తప్పిన షుగరు మూడూ కలిసొచ్చాయి. మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దీన్ని తప్పక ప్రకటించాల్సిన జబ్బుగా గెజిట్‌కెక్కించి, హైదరాబాదులో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని ప్రధాన కేంద్రం చేసింది. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీలో చేర్చింది. జులై మధ్యకల్లా దేశంలో కేసులు 45 వేలు దాటాయి, 4,300 మందికి పైగా చనిపోయారు. హైదరాబాదు కంటి వైద్యుడు సంతోష్ హొనావర్ సంపాదకుడిగా ఉన్న పత్రికలో అప్పుడొచ్చిన అధ్యయనం 2,826 మంది రోగులను లెక్కించింది. వాళ్లలో 87 శాతం స్టెరాయిడ్లు వాడినవాళ్లు, 78 శాతం షుగరు ఉన్నవాళ్లు.

ఈ జబ్బు దారి వేరు. ముక్కులో దిగుతుంది, సైనస్‌లకు పాకుతుంది, పల్చటి ఎముక దాటి కంటిగూట్లోకి, అక్కణ్నుంచి మెదడుకు. హొనావర్ అదే పత్రికలో రాసిన మార్గదర్శకం జబ్బును సరిగ్గా ఈ నాలుగు మెట్లుగా విభజించింది. ఏ మెట్టులో ఉందో చెప్పాల్సింది స్కాన్. సీటీ తొందరగా అయిపోతుంది, ఎముక తినేసిందా లేదా బాగా చూపిస్తుంది. అయితే మ్యూకర్ ఎముకను కొరకకుండానే నాళాల వెంట అవతలికి జారిపోగలదు. చెంప సైనస్ గోడ చెక్కుచెదరకపోయినా, దాని వెనకా ముందూ ఉండే కొవ్వు పొర మసకబారిందంటే జబ్బు అప్పటికే బయటపడ్డట్టు. సీటీలో కళ్లు చించుకుని వెతకాల్సింది ఆ కొవ్వునే.

ఎంఆర్‌ఐ ఇంకా మెత్తని సంగతులు చెబుతుంది. ముక్కు లోపల పక్కగోడలకు టర్బినేట్లనే కండ మడతలుంటాయి. నెత్తురు బాగా పారే చోటు కాబట్టి, నరంలోకి గాడోలినియం కాంట్రాస్ట్ ఎక్కిస్తే అవి తెల్లగా వెలుగుతాయి. మ్యూకర్ నాళాలను మూసేసిన మడత మటుకు ఆ తెలుపు మధ్య నల్లగా ఉండిపోతుంది. నెత్తురే చేరని చోటికి కాంట్రాస్ట్ చేరదు కదా. అమెరికా వైద్యులు 2010లో దీన్ని నల్ల టర్బినేట్ గుర్తుగా రాసినప్పుడు అది పదిమందికి తెలిసిన సంగతి కాదు. పదకొండేళ్లకు మన నగరాల్లో రేడియాలజీ గదుల్లో అది రోజువారీ మాట అయింది. ఆ నల్లటి మేర ఎక్కడిదాకా ఉందో, సర్జను కోతకు అదే హద్దు. అక్కడికి మందు కూడా నెత్తురు ద్వారా చేరదు కాబట్టి, తీసేయడం తప్ప దారి లేదు. కంటిగూట్లో జబ్బు కొద్దిగానే ఉంటే కన్ను వెనక ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్లిచ్చి ఆపిచూస్తారు, అంతా పాకితే కన్ను తీసేయాల్సి వస్తుంది. ఆ మాట ఇంట్లోవాళ్లకు చెప్పే డాక్టరు చేతిలో ఉండేది ఎంఆర్‌ఐ ఫిల్మే.

చిక్కులూ తక్కువేం కాదు. ఆంఫోటెరిసిన్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, అవి దెబ్బతింటే కాంట్రాస్ట్ ఇవ్వడానికి వెనకాడాలి, కాంట్రాస్ట్ లేకపోతే నల్ల మడత తేలదు. సర్జరీ అయ్యాక తీసిన స్కాన్లో కోత తాలూకు వాపేది, మిగిలిన జబ్బేది అన్నది తేల్చడం ఇంకా కష్టం. ఇన్ని గుర్తులు పోగైనా, ఊపిరితిత్తిలో గానీ ముక్కులో గానీ, బొమ్మ ఒక్కటే ఆధారమైతే రుజువైన జబ్బుగా లెక్కేయరు. ఐరోపా, అమెరికా నిపుణులు కలిసి 2002లో రాసి, 2008లోనూ 2020లోనూ సవరించిన నిర్వచనాల్లో మూడు స్థాయిలున్నాయి. రోగనిరోధక శక్తి పడిపోయిన రోగిలో బొమ్మ మాత్రమే ఉంటే జబ్బు "ఉండొచ్చు". దానికి తోడు గాలక్టోమన్నన్ లాంటి పరీక్షలో బూజు ఆనవాలు దొరికితే "బహుశా ఉంది". ముక్క కోసి చూసి కండలో పోగులు కనబడితేనే "రుజువైంది". ప్లేట్‌లెట్లు పడిపోయిన లుకేమియా రోగి ఊపిరితిత్తిలో సూది దించడానికి ఎవరూ సాహసించరు కాబట్టి, రోజువారీ వైద్యం ఎక్కువగా మొదటి రెండు స్థాయిల మధ్యే నడుస్తుంది.

నష్టాన్ని కాకుండా బూజునే వెలిగించాలన్న ప్రయత్నం ఈ శతాబ్దంలో మొదలైంది. పెట్ స్కాన్లో మామూలుగా వాడే చక్కెర ద్రవం చురుగ్గా ఉన్న ఏ చోటైనా వెలుగుతుంది. క్యాన్సరైనా, క్షయైనా, బూజైనా దానికి ఒకటే. ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ శాస్త్రవేత్తలు బూజు ఆకలిని ఆసరా చేసుకున్నారు. ఒంట్లో ఇనుము దొరక్క ఆస్పర్‌జిల్లస్ సిడెరోఫోర్‌లనే అణువులను బయటికి వదిలి, అవి ఇనుమును పట్టుకున్నాక తిరిగి లోపలికి లాక్కుంటుంది. ఆ అణువులో ఇనుముకు బదులు రేడియోధార్మికత ఉన్న గాలియం-68 పెడితే బూజు తేడా పోల్చుకోలేదు. 2010లో జబ్బు చేసిన ఎలుకల ఊపిరితిత్తుల్లో ఆ మచ్చలు పెట్ స్కాన్లో వెలిగాయి. 2016లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో, ఇంగ్లండులోని ఎక్సెటర్ శాస్త్రవేత్తలు తయారుచేసిన ఒక యాంటీబాడీకి కాపర్-64 తగిలించి ఎలుకల్లోనే ఇంకో పరీక్ష చేశారు. ఆ యాంటీబాడీ పెరుగుతున్న ఆస్పర్‌జిల్లస్‌కు అంటుకుంటుంది, బ్యాక్టీరియా న్యుమోనియాను పట్టించుకోదు. గాలియం-68 బలం 68 నిమిషాలకు సగమైపోతుంది. అందుకని దాన్ని స్కానరు పక్క గదిలోనే తయారుచేసి, అప్పటికప్పుడు రోగికి ఎక్కించాలి. కాపర్-64కు దాదాపు 13 గంటల వ్యవధి ఉంది, కాకపోతే దాన్ని చేయడానికి సైక్లోట్రాన్ కావాలి.